రాట లేని పందిరి



ఈ మాసము నాకందిన జాబులలో ఒకటి చీపురుపల్లి ప్రాంతపు చెల్లెలు వ్రాసినది. వారి పొదుపు సంఘమున పదిమంది స్త్రీలు. పొందూరు ఖద్దరు కొనితెచ్చి చేసంచులు, జేబురుమాళ్ళు, పసిపిల్లల చొక్కాలు కుట్టి, ఊరూర జరుగు చేతిపనుల ప్రదర్శనములలో అమ్ముచున్నారట. "ఇంతవరకు అద్దె షామియానా క్రింద సరిపుచ్చుకొంటిమి. లాభమును అద్దెయే తినివేయుచున్నది. కావున సంఘపు సొమ్ముతో మడత డేరా ఒకటి సొంతముగా కొనదలచితిమి. గాలికి ఎగిరిపోని డేరా ఏదో దయచేసి తెలుపుడు" అని ఆమె కోరినది.

గాలికి ఎగిరిపోని డేరా ఏ అంగడిలోను దొరకదు చెల్లెలా. దానిని ఎగిరిపోకుండ నిలుపు బరువులును, త్రాళ్ళును, సకాలమున దింపివేయు తెలివియు మనము సమకూర్చుకొనవలసినవే. అంగడివాడు ఈ మాట చెప్పడు. డేరాతోబాటు నాలుగు సన్నని మేకులను, దారములవంటి నాలుగు త్రాళ్ళను సంచిలో పడవేసి, "ఇక మీకు దిగులు లేదమ్మా" అని పంపివేయును.

మన పందిళ్ళ సంగతి ఒకమారు తలచుకొనుడు. పెండ్లియింట మొట్టమొదట పందిరిరాట పాతుదుము. విజయనగరమున పైడితల్లి అమ్మవారి ఉత్సవములు సయితము పందిరిరాటతోనే ఆరంభమగును. రాటకు పసుపు పూసి కుంకుమ పెట్టుట శుభమునకై యగుగాక, ఆ గుంజ నేలలో లోతుగా దిగి నిలుచుటయే పందిరికి ప్రాణము. పైన పరచిన తాటాకుల సందులనుండి, కొబ్బరియాకుల సందులనుండి గాలి దూరిపోవును. గుంజ నేలను పట్టుకొనును. కప్పు గాలిని విడిచిపెట్టును. బజారున క్యానపీ యని పిలుచు ఈ మడత డేరాకు ఆ రెండు గుణములును లేవు. దాని కాళ్ళు నేలలోనికి దిగవు, నేలపై ఆని మాత్రమే నిలుచును. దాని కప్పు నీటిచుక్క కారని గుడ్డ. కనుకనే గాలియు దూరదు. నాలుగు కాళ్ళ గొడుగనిన సరిపోవును. ఈదురుగాలిలో గొడుగు పట్టుకొని నడచినవారికి తక్కిన కథ చెప్పనక్కరలేదు.

ఇందు లెక్క కొంచెము కలదు. లెక్కయనిన విసుగుకొనకుడు, పాలవాని లెక్కకంటె కష్టమైనది కాదు. సాధారణముగా అమ్ముడుపోవు డేరా 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గలది. గంటకు 20 కిలోమీటర్ల వేగముతో గాలి వీచునపుడు అంత కప్పును ఎత్తివేయజూచు బలము సుమారు 17 కిలోల వరకు ఉండవచ్చును. ఇనుప చట్రపు డేరా తన బరువే 20 కిలోలకు పైబడి తూగును గనుక చలింపక నిలుచును. చూచి మనము ధైర్యపడుదుము. గాలివేగము రెట్టింపై 40 కిలోమీటర్లైనచో బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. అనగా దాదాపు 70 కిలోలు. 60 కిలోమీటర్లైనచో తొమ్మిది రెట్లు, 150 కిలోలు దాటును. "ఉదయమునుండి నిలిచినది గదా, ఇప్పుడు మాత్రము ఏల పోవును?" అని అనేకులు మోసపోవుట ఇందుచేతనే. ఉదయపు గాలికిని సాయంకాలపు గాలికిని చేతికి తోచు భేదము స్వల్పము. డేరాకు తోచు భేదము నాలుగింతలు.

ఒక ప్రదర్శనములో నేను కన్నులార చూచినది చెప్పెదను. ఊరి పేరు అనవసరము. వైశాఖమాసము, మూడు గంటలవరకు ఆకు కదలలేదు. ఒక ఇల్లాలు తన డేరాకు ఒక్కొక్క కాలివద్ద రెండేసి ఇటుకలు పెట్టి, త్రాటితో ఒక చుట్టు చుట్టినది. రెండిటుకలు కలిసి ఆరు కిలోలు తూగునేమో. పడమటి కొండలవైపున మబ్బు నల్లబడినది. ఒక్కసారిగా చల్లని గాలి కొట్టి దుమ్ము లేచినది. డేరా ఒక ప్రక్క లేవగానే ఆమె పరుగున పోయి కాలు పట్టుకొనినది. డేరా ఆమెను రెండడుగులు ఈడ్చుకొనిపోయి, చేయి విడిపించుకొని, ప్రక్క దుకాణముమీద తలక్రిందుగా పడినది. అచ్చట బొబ్బిలి వీణలు, బహుమతులకై చేయు చిన్నవి, వరుసగా పేర్చియున్నవి. నాలుగు విరిగినవి. ఆమె అరచేతికి ఏడు కుట్లు పడినవి. చేయి మానినది గాని, వీణల సొమ్ము తీర్చుటకు ఆమెకు ఆ సంవత్సరపు అమ్మకమంతయు పట్టినది. ఎవ్వరును ఆమెను నిందింపలేదు. ఆమెయే తన్ను నిందించుకొనినది. ఎగురుచున్న డేరాను చేతులతో ఆపజూడకుడు. పిల్లలను ప్రక్కకు లాగి తొలగిపొండు. గుడ్డ పోయిన గుడ్డ వచ్చును.

మన ప్రాంతపు జాతరలకును, ప్రదర్శనములకును వేళలే చిక్కు. సిరిమానోత్సవము విజయదశమి తరువాతి మంగళవారమున జరుగును. చింతమ్రాను కొనపై పూజారి కూర్చుండగా, గుడికిని కోటకును నడుమ సిరిమాను మూడుమార్లు తిరుగును. ఆ దినములలో విజయనగరమంతయు ఒక్క అంగడివీధి యగును. అది మన తీరమునకు తుపానుల కాలము. 2014లో సిరిమాను అక్టోబరు 7వ తేదీన తిరిగినది. అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమువద్ద తీరము దాటినది. నడుమ అయిదే దినములు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చినది. 2021 సెప్టెంబరు 26న గులాబు తుపాను కళింగపట్నమునకు ఉత్తరముగా తీరమెక్కినది. తుపాను దినములలో డేరా వేయు వెర్రివారు లేరు. తుపాను దూరముగా సముద్రముమీద ఉన్నపుడు ఇచ్చట వీచు విడివిడి గాలులే మోసగించునవి. వేసవి సాయంకాలపు గాలివానలకు హెచ్చరిక యింకను తక్కువ. రథసప్తమికి అరసవిల్లిలో దుకాణము పెట్టుకొనువారికి మాత్రము ఈ బాధ తక్కువ. అపుడు ఆకాశము చాలవరకు తేటగానే యుండును.

ఇక బరువుల మాట. పై లెక్కను బట్టి ఒక్కొక్క కాలికి 20 కిలోలకు తక్కువ కాకుండ ఉండవలెను. నాలుగింటికి 80, డేరా బరువు 20 కలిసి 100 కిలోలు. అంతకన్న హెచ్చు మోయుట మీకు కష్టము, తక్కువైన డేరాకు కష్టము. బరువు సంపాదించుట సులభమే. 25 కిలోల బియ్యపు ఖాళీ సంచి ప్రతి యింటను ఉండును. దానిని ఇసుకతో సగము నింపిన చాలును, సుమారు 25 కిలోలు తూగును. ఇసుక బియ్యముకంటె రెట్టింపు బరువు. అందుచేత నిండుగా నింపకుడు, లేపలేరు, సంచియు చినుగును. ఒక సంచిలో ఒకటి దూర్చి, మూతి బిగించి కట్టుడు. నాలుగంగుళముల ప్లాస్టిక్ గొట్టమును మూడడుగుల తుండుగా కోయించి, అడుగున మూత బిగించి, కాంక్రీటు పోయించి, పైన ఇనుప కొక్కెము గ్రుచ్చిన ఒక్కొక్కటి 17 కిలోలు తూగును. చూపునకు పొందికగా ఉండును, ఏండ్ల తరబడి నిలుచును. కొందరు మంచినీళ్ళ క్యాన్లు కట్టుదురు. నిండు క్యాను 20 కిలోలు ఉండును గాని, మధ్యాహ్నమునకు సంఘమువారందరును అందులోని బరువును త్రాగివేయుట నే నెరుగుదును.

బరువు ఎంతయున్నను కట్టు తెలియకున్న వ్యర్థము. కాలి అడుగున పెట్టి ఊరకొనిన చట్రము పైనుండి ఒరిగిపోవును. కాలికిని కప్పునకును కలియు పైమూలనుండి త్రాడు దింపి బరువును దానికి బిగింపవలెను. మరల ఆ బరువును కాలి అడుగునకు కట్టవలెను. వ్రేలాడుచు ఊగు బరువు గాలిలో రోకలివంటిది. వచ్చినవారి మోకాళ్ళను పగులగొట్టును. సాగు రబ్బరు త్రాళ్ళు కూడదు. సాగినంతసేపు డేరా లేచును, తెగిన కొక్కెము కంటికి తగులును. కొబ్బరిపీచు, నూలు త్రాళ్ళు తడిసిన బిగిసిపోవును గనుక వాన పడగానే కొంచెము సడలింపవలెను. నైలాను తడిసిన సాగును గనుక మరల బిగింపవలెను. ఏ త్రాడు కొనినదియు జ్ఞాపకముంచుకొనుడు.

నేలను బట్టి పద్ధతి మారును. గడ్డి పెరిగిన గట్టి నేలయైనచో బరువులతోబాటు మేకులును దింపుడు. అంగడివాడిచ్చిన జానెడు మేకులు పారవేసి, కమ్మరివద్ద అడుగున్నర పొడవుగల ఇనుప కడ్డీలు చేయించుకొనుడు. మేకును నిలువుగా గాక, తల డేరాకు ఎదురుగా బయటికి వాలునట్లు కొట్టవలెను; నిలువు మేకును త్రాడు పీకివేయును. వాన కురిసి నానిన నేలలో మేకును నమ్మకుడు. తారురోడ్డుమీదను, సిమెంటు నేలమీదను బరువులే శరణ్యము. కళింగపట్నము, బారువ వంటి తీరములయందు ఇసుకలో మేకు నిలువదు. అచ్చట మూరెడు లోతున గోయి త్రవ్వి, ఇసుకసంచి నడుముకు త్రాడు కట్టి అడ్డముగా పూడ్చి, పైన త్రొక్కవలెను. ఆ త్రాళ్ళకు ఎర్రగుడ్డ పీలికలు కట్టుట మరువకుడు. సంతలో పిల్లలు క్రిందికి చూచి నడువరు. కరెంటు స్తంభమునకు ఏ త్రాడును కట్టరాదు. దీపపు తీగెలను ఇనుప కాళ్ళకు చుట్టరాదు. బ్యాటరీ దీపములు చవుకగనే దొరకుచున్నవి.

ప్రక్క డేరాకు మన డేరాను కలిపి కట్టవచ్చునా యని మరియొక సోదరి అడిగినది. ఇరువురికిని చాలినంత బరువున్నచో మంచిదే, రెండును ఒండొంటిని నిలుపుకొనును. ఒకరికి లేకున్న మీ దానినిగూడ లాగుకొనిపోవును. మొగమాటపడక వారి సంచులు చూచి కట్టుడు.

కొనునపుడు చూడవలసినది మొదట చట్రము. తలపైకెత్తిన కత్తెరవలె తెరచుకొను కడ్డీలు కలియు కీళ్ళను చూడుడు. పలుచని ప్లాస్టిక్ కీళ్ళు ఒక్క వేసవికి పెళుసెక్కి విరుగును. లోహపు కీళ్ళైనను, దళసరి నైలాను కీళ్ళైనను ఫరవాలేదు; విరిగిన కీలు విడిగా దొరకునా యని అడుగుడు. అంగడిలోనే డేరాను పూర్తిగా తెరపించి, ఒక కాలు పట్టి ఎదుటి మూలవైపునకు ఊపుడు. చట్రమంతయు మెలిపడినచో తిరిగి యిచ్చివేయుడు. ఉప్పుగాలి తగులు ఊళ్ళలో ఇనుము త్రుప్పు పట్టును. అల్యూమినియము పట్టదు, మోయుటకు తేలిక. తేలికైనందున దానికి బరువులు మరికొంచెము హెచ్చు కావలెను. వెల ఎక్కువ. బస్సులపై తిరుగు స్త్రీలకు తేలికదనము విలువైనదే యని నా అభిప్రాయము. విప్పునపుడు, మడుచునపుడు ఆ కత్తెర కడ్డీల నడుమ వ్రేళ్ళు పెట్టకుడు. గాజులను వెనుకకు నెట్టి, కొంగు నడుమునకు దోపుకొనుడు.

గుడ్డ విషయమున దళసరితనముకంటె కుట్లను చూడుడు. నాలుగు మూలలయందు రెండవ పొర వేసి కుట్టినారా? కుట్లపై నీరు కారని పట్టీ అతికినారా? ఒక గ్లాసెడు నీళ్ళు అంగడిలోనే పోసి చూడుటకు సిగ్గుపడకుడు. రంగు మాత్రము తెలుపో, మీగడ రంగో కొనుడు. నీలిరంగు కప్పు క్రింద తెల్లని ఖద్దరు నీలముగా కనబడును. ఎర్రకప్పు క్రింద పసిపిల్లల చొక్కా వెలిసినట్లుండును. కొనవచ్చినవారు గుడ్డను వెలుతురులోనికి తీసికొనిపోయి చూచుట, అచ్చటనుండి అటే వెళ్ళిపోవుట మీకనుభవమే గదా. వలుగచేప దవడతో దూది శుభ్రపరచి వడకిన సన్ననూలు గుడ్డకు సహజమైన రంగే అందము. బుడితి ఇత్తడి పాత్రలు అమ్ముకొనువారికి ఈ చిక్కు లేదు, ఏ వెలుగులోనైనను మెరయును. వీణలవారికి మరియొకటి కావలెను: వీణమెట్లు మైనముపై నిలిచియుండును. పడమటి యెండ తగిలిన మైనము మెత్తబడి మెట్లు కదలును గనుక వారు పడమటివైపు ఒక తెర కొనక తప్పదు.

ఆ తెరలతోనే ప్రమాదము. మూడు వైపుల తెరలు దించి, ఎదుట తెరచి కూర్చుండినచో డేరా గాలి నిండు గోనెసంచి యగును. మా వీధిలో పందిళ్ళు వేయు ముసలి మేస్త్రి ఒకడు కలడు. ఒకనాడు నేను గట్టిగా బిగించిన తెరను చూచి నవ్వి, "గాలికి దారిచ్చేయమ్మా, అదే ఎల్లిపోద్ది. అడ్డం తగిల్తే ఒగ్గదు" అనెను. గాలి లేచినపుడు తెరలను ఎత్తివేయుడు. సరకు తడియునని భయమా? సరకునకు వేరుగా ఒక దళసరి ప్లాస్టిక్ పట్టా ఉంచుకొని, బల్లతో సహా కప్పి కట్టుడు. డేరా ఎండకు, చిరుజల్లునకు మాత్రమే. సరకును కాపాడునది పట్టాయే.

వాననీటి బరువు వేరు. కప్పుపై గజము మేర పల్లము పడి అయిదు సెంటీమీటర్ల లోతు నీరు నిలిచిన 40 కిలోలకు పైన తూగును. చట్రము అటనే వంగును. వెనుక కాళ్ళు రెండును ఒక మెట్టు తగ్గించి వాలు పెట్టిన నీరు ఒక దిక్కునకు జారును. ఆ దిక్కున పొరుగువారి గుడ్డల దుకాణము లేకుండ చూచుకొనుడు. నిలిచిన నీటిని క్రిందినుండి చీపురుకట్ట తిరుగవేసి మెల్లగా ఎత్తి త్రోయుడు. కొంచెముగా ఉన్నపుడే చేయవలెను.

ఇక దింపు వేళ. గాలివేగము కొలుచు పరికరము మనకక్కరలేదు. ఆకులు గల చిన్నచెట్లు మొదలంట ఊగుట ఆరంభించినచో గాలి 30 కిలోమీటర్లు దాటినదని గ్రహించి, సరకు సర్దుకొనుడు. పెద్దకొమ్మలు కదలుచు, తీగెలు ఈలవేయుచు, గొడుగు పట్టుట కష్టమైనచో 40 వచ్చినదన్నమాట. అప్పటికి డేరా దిగియుండవలెను. మబ్బు నల్లబడి, ఉక్క తగ్గి, చల్లగాలి ఒక్కమారు మోమునకు తగిలినచో ఆలోచింపకుడు. కొనుగోలుదారుడు ఎదుట నిలిచి బేరము చేయుచున్నను సరే. ఉరుము వినబడినచో ఇనుపకాళ్ళ డేరా క్రింద నిలువక పక్కా కట్టడములోనికి వెళ్ళుడు. పిడుగుల జాడ తెలుపు 'దామిని' యను ప్రభుత్వపు యాపు ఫోనులో ఉంచుకొనుట మంచిది. తీరమున ఉన్నవారు కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికల వార్తను తెల్లవారుననే వినుట అలవరచుకొనుడు.

దింపుటకు వరుస ఉన్నది. బరువులు విప్పకుండనే కాళ్ళను అన్నింటికంటె క్రింది మెట్టునకు తగ్గింపుడు. వెనువెంటనే గాలి వచ్చు వైపునుండి గుడ్డను చట్రముపైనుండి లాగివేయుడు. గుడ్డ లేని చట్రము గాలికి అంతగా చిక్కదు. పిమ్మట మడిచి, అన్నిటికిని చివర బరువులు విప్పుడు. వేయునపుడు దీనికి తలక్రిందులు: కాళ్ళు ఎత్తకమునుపే బరువులు కట్టవలెను. తడిగుడ్డను మడిచి సంచిలో పెట్టి మరచినచో వారము దినములలో బూజు పట్టును; ఇంటికి రాగానే దండెముపై ఆరవేయుడు. సముద్రతీరమునుండి వచ్చినచో కీళ్ళను మంచినీటితో కడిగి తుడువుడు.

చెల్లెలు సొమ్ము ఎంత యని వ్రాయలేదు. ఎంతయైనను నాలుగవ వంతు బరువులకు, త్రాళ్ళకు, పట్టాకు తీసి ప్రక్కన పెట్టి, మిగిలినదానితో డేరా బేరమాడుడు. కొనిన తరువాతి ఆదివారమున పెరటిలో నలుగురు కూడి ఒకమారు వేసి, ఒకరు గడియారము చూచుచుండగా దింపుడు. మొదటిమారు పావుగంట పట్టును. మూడవమారునకు ఎన్ని నిమిషములలో దింపగలిగితిరో నాకు జాబు వ్రాయుడు.